బత్తాయి అంటులో ఎర్ర గోడలు

1996 ఎండాకాలం. నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీ బాటనీ ల్యాబులో నేను అప్పటికి పద్నాలుగేళ్లుగా ల్యాబ్ అసిస్టెంటును. మా ల్యాబు మేడ మీద చివరి గది. కిటికీలు తీస్తే గుట్ట కనిపించేది, మూస్తే స్లైడుల తయారీకి వాడే జైలీన్ వాసన ముక్కుకు ఎక్కేది. పొడవాటి బల్లల మీద వరుసగా మైక్రోస్కోపులు, గోడ బీరువాలో రంగుల సీసాలు ఉండేవి. ఆ బీరువా తాళంచెవి ఎప్పుడూ నా జేబులోనే. సెలవు పెట్టినా దాన్ని ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. అందుకు లెక్చరర్లు నన్ను ఆటపట్టించేవారు, నాకు మాత్రం కోపం వచ్చేది.

రంగుల పిచ్చి నాకు ఇంట్లోనే అంటింది. మాది రంగ్రేజుల ఇల్లు. అంటే నూలుకూ చీరలకూ రంగు వేసే కుటుంబం. మా అబ్బా గంగాళాల్లో రంగునీళ్లు మరిగించి నూలు చిలపలు ముంచి తీస్తుంటే, పెళ్లిళ్ల కాలంలో మా సందులోని మురుగు మోరీ కూడా రోజుకో రంగులో పారేది. అమ్మ వండిన అన్నం మీద అబ్బా వేళ్ల ముద్రలు నీలంగానో ఎర్రగానో పడేవి. మిల్లు చీరలు వచ్చాక గంగాళాలు వాకిట్లో బోర్లించారు. నేను కాలేజీలో చేరాను. మొదటిరోజు బాటనీ హెడ్డు సారు గాజు పళ్లెంలో ఎర్రటి చుక్క వేసి, దీన్ని సఫ్రనిన్ అంటారు అని చెప్పబోతుంటే, మా ఇంట్లో పట్టుకు ఇది వేసేవాళ్లం సార్ అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, ఇక నీకు నేర్పేదేముందయ్యా అని నవ్వాడు.

నిజానికి నేర్చుకోవలసింది చాలానే ఉండింది. మొక్క ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఒక గోడ ఉంటుంది. ఆ గోడకు సొంత రంగు లేదు. కాండాన్ని బ్లేడుతో ఉల్లిపొరకన్నా పల్చగా కోసి నీళ్లలో పెడితే అన్నీ గాజుముక్కల్లా కనిపిస్తాయి, ఏది ఏదో తెలియదు. ఇలా కోసిన ముక్కను సెక్షన్ అంటాం. దాన్ని సఫ్రనిన్‌లో నానబెడితే కట్టెగా మారిన గట్టి గోడలు ఎర్రబడతాయి. ఆకుపచ్చ రంగులో ముంచితే మెత్తటి గోడలు పచ్చబడతాయి. నీళ్లు మోసే గొట్టాలేవో, బెరడేదో, దవ్వ ఏదో అప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

నాకు ఒక చెడ్డ అలవాటు ఉండేది, అది ముందే ఒప్పుకుంటాను. ఎర్రరంగు దిట్టంగా పట్టించేవాణ్ణి. ప్రాక్టికల్ పరీక్షలకు బయటినుంచి వచ్చే ఎగ్జామినరు ఒక్కో స్లైడు మీద అర నిమిషం కూడా కన్నుపెట్టడు. ఎర్రగా మెరిస్తే బాగుందంటాడు, వెలిసినట్టుంటే మొహం ముడుచుకుంటాడు. అందుకని మా కాలేజీ స్లైడులు పెళ్లికూతురి చీరలాగే ఉండేవి. వాటిని చూసుకుని నేను మురిసిపోయేవాణ్ణి.

ఆ ఏడు ఏప్రిల్‌లో ఒకరోజు మధ్యాహ్నం ఖాసిం చాచా మా ల్యాబు మెట్లు ఎక్కి వచ్చాడు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ వచ్చాడు.

ఖాసిం చాచా మా అబ్బాకు దోస్తు. ఊరి బయట రోడ్డు పక్కన ఆయనకు చిన్న నర్సరీ ఉండేది. బత్తాయి అంట్లు కట్టడం ఆయన పని. బత్తాయిని గింజతో పెంచితే లాభం లేదు. జంబేరి అని పుల్లనిమ్మ జాతి మొక్క ఒకటి ఉంది, దాని వేరు మన చెలక భూముల్లో గట్టిగా నిలబడుతుంది. ఆ జంబేరి మొక్క వేలిలావు కాగానే, నేలకు జానెడు పైన బెరడును చిన్నగా చీల్చి, అందులో మంచి బత్తాయి చెట్టునుంచి తీసిన మొగ్గను దూర్చి కట్టుకడతారు. రెండూ అతుక్కున్నాక పైన జంబేరిని కోసేస్తారు. కింద జంబేరి వేరు, పైన బత్తాయి చెట్టు. కట్టంగూర్ నుంచి తిరుమలగిరి దాకా ఖాసిం చాచా అంట్లు లేని బత్తాయి తోటలు తక్కువ. ఆయన ఇంట్లో ఉర్దూ మాట్లాడినదానికన్నా తోటల్లో తెలుగు మాట్లాడిందే ఎక్కువ. నాతో కూడా తెలుగే మాట్లాడేవాడు.

ఆయన ఎందుకు వచ్చాడో నాకు కొంత తెలుసు. ఊరంతా తెలుసు. వారం కింద కట్టంగూర్ యాదగిరి విరిగిన బత్తాయి మొదలొకటి బండిమీద వేసుకొచ్చి నర్సరీ ముందు పడేశాడు. ఎదురుగా చాయ్ హోటల్లో రైతులు కూర్చుని ఉన్నారు. ఎనిమిదేళ్ల కింద కొన్న అంట్లు, కాపు మొదలైనంక ఒక్కొక్కటే బంకకారి, బెరడు పగిలి, గాలికి విరిగిపోతున్నాయి. విరిగేది కూడా సరిగ్గా అంటు ఉన్నచోటే. "నువ్వు కట్టిన అంటు అతకలే ఖాసిం. పైకి కట్టు కట్టినవ్, లోపల్నించి వదిలేసినవ్. నా పిల్లల నోట్ల మట్టి కొట్టినవ్" అని అందరి ముందు అన్నాడు. యాదగిరి తండ్రి, తాత గొర్లు కాచినవాళ్లు. ఆ ఇంట్లో తోట పెట్టిన మొదటి మనిషి ఇతనే. గొర్లలో సగం అమ్మి బోరు వేయించి పెట్టిన తోట అది. అతని మాటను ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. పైగా ఖాసిం చాచా ఆ విరిగిన మొదలును వేలితో తడిమి, ఒక్క మాటకూడా అనకుండా లోపలికి పోయాడు. మాట్లాడలేదంటే తప్పు ఒప్పుకున్నట్టే అని హోటల్లో తీర్మానమైపోయింది. వానాకాలానికి అంట్లు చెప్పిపెట్టిన రైతులు వద్దనడం మొదలుపెట్టారు.

స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. గ్లాసు అందుకోవడానికి ఆయన చెయ్యి కొంచెం పక్కకు పోయింది.

"సూపు పూర్తిగ పోయిందా చాచా?"

"వెలుతురు తెలుస్తది. మనుషులు నీడల లెక్క కనబడ్తరు. గిది ఇయ్యాలటి ముచ్చట గాదు కరీం. పదేండ్ల సంది పోతాంది."

"మరి అంట్లు ఎట్ల కడ్తున్నవ్?"

ఆయన గ్లాసును తడుముకుంటూ బల్ల మీద పెట్టాడు. కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

"నేను కడ్తలేను బిడ్డా. యాదగిరి కొన్నప్పుడు గూడ నేను కట్టలే. మీ చాచి కట్టింది. నేను పక్కన కత్తి పట్టుకోని కూసునేటోణ్ణి, ఎవరన్న వస్తే కనబడాలని. బెరడు చీరేది, మొగ్గ పెట్టేది అంత ఆమెనే. రెండేండ్ల కింద ఆమె పోయినంక కట్టుడే బందైంది. ఇప్పుడమ్మేటియి గూడ ఆమె కట్టిపోయిన మొక్కలే."

సకీనా చాచి నాకు బాగా తెలుసు. సన్నటి మనిషి, గొంతు పెద్దది. ఈద్‌కు సేమ్యా పాలు పోస్తూ, తాగేదాకా నిలబడి చూసేది. ఆమె అంట్లు కట్టిందని నాకే తెలియదు.

"యాదగిరి అన్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? ఆమె తప్పు చేసిందో లేదో నాకే తెల్వదాయె. నాకు కనబడలే. ఆమె ‘పెట్టిన, మంచిగ పట్టింది’ అంటే నమ్మిన. చచ్చిపోయినామె మీద తప్పు ఎత్తెయ్యాల్నా?" అని ఆగి, "నీ దగ్గర రంగులేసి లోపల్ది చూసే మిషిన్లు ఉన్నయ్‌గదా. ఆమె చెయ్యి తప్పిందా లేదా, గదొక్కటి జెప్పు. తప్పిందని తేలితే నేనే తప్పు చేసిన అంట. ఆమె పేరు బైటికి రానియ్య. కాని నాకు తెల్వాలె" అన్నాడు.

నేను సరేనన్నాను. ఆ సరే అన్నమాట ఎంత బరువో తరువాత తెలిసింది.

కట్టె నమూనా కోసం యాదగిరి దగ్గరికి పోతే అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు మీరు ఒక్కటి కరీం సాబ్. నువ్వు చూసి మంచిగున్నదంటే నేనెట్ల నమ్మాలె?" అన్నాడు. మాట కటువుగా ఉన్నా న్యాయంగానే ఉంది. చివరికి అతనే రంపం పట్టి, విరిగిన రెండు చెట్లనుంచి అంటు ఉన్నచోటు కోసి, ముక్కల మీద గొర్లకు వేసే తన ఇంటి ముద్ర కాల్చి ఇచ్చాడు. పరీక్ష ఎక్కడ చేసినా తను పక్కనే ఉంటానన్నాడు.

ఆ ముక్కలకు మట్టి గట్టిగా అంటుకుని ఉంది. నేను బ్రష్షుతో రుద్ది, నీళ్లతో కడిగి, తెల్లగా శుభ్రం చేసి పెట్టాను. ల్యాబులో పనిచేసేవాడికి మట్టి అంటే మురికి. ఎందుకంత పైదాకా మట్టి ఉంది అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఎనిమిదేళ్ల కట్టె రాయిలా ఉంది. రోజంతా నీళ్లలో ఉడికించి, గ్లిజరిన్‌లో నానబెట్టి కోసినా సెక్షన్లు మందంగానే వచ్చాయి. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రటి ముద్ద తప్ప ఏమీ కనిపించలేదు. అతికిందో లేదో చెప్పాలంటే ఒక్కొక్క గోడా విడిగా కనిపించాలి. హెడ్డు సారు ఆ స్లైడు చూసి, "దీనికి మన మైక్రోస్కోపు చాలదయ్యా. హైదరాబాదులో కాన్ఫోకల్ వచ్చిందట" అన్నాడు. ఆయన దగ్గర చదువుకున్న సుజాత అనే అమ్మాయి అక్కడొక పరిశోధన సంస్థలో ఆ యంత్రం మీదే పనిచేస్తోంది. కోస్తా అమ్మాయి, తండ్రి ఉద్యోగం మీద వచ్చి మా కాలేజీలో చదివింది. ఆయన ఉత్తరం రాస్తే ఒక గంట సమయం ఇప్పించింది. ఆ యంత్రం మీద గంట దొరకడమంటే గొప్ప. నెలల ముందు పేరు రాయించుకున్న శాస్త్రవేత్తలు వరుసలో ఉంటారు.

కాన్ఫోకల్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. మామూలు మైక్రోస్కోపులో వెలుగు సెక్షన్ మొత్తంలోంచి దూరి వస్తుంది. సెక్షన్ మందమైతే పై పొర, నడిమి పొర, కింది పొర ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. కాన్ఫోకల్‌లో సన్నటి లేజర్ కిరణం సెక్షన్ మీద చుక్కచుక్కగా నడుస్తుంది. కిరణం తగిలిన చోట రంగు తనంతట తానే వెలుగుతుంది. మనకు కావలసిన లోతునుంచి వచ్చే వెలుగును మాత్రమే ఒక సన్నటి రంధ్రంలోంచి పోనిచ్చి, మిగతాది ఆపేస్తారు. పుస్తకం తెరవకుండానే అందులో పన్నెండో పేజీ ఒక్కటే చదివినట్టన్నమాట. ఇంకో విచిత్రమేమంటే, ఇలా వెలిగే రంగుల్లో మా పాత సఫ్రనిన్ కూడా ఒకటి. విదేశీ రంగులు తెప్పించాల్సిన పని లేదు.

ఆ గంట దొరికిన రోజు తెల్లవారుజామున మొదటి బస్సుకు బయల్దేరాం. సీసాలు, స్లైడులు పెట్టిన డబ్బాను ఒడిలో పెట్టుకుని నేను, నా పక్కన యాదగిరి. చౌటుప్పల్ దాటేదాకా అతను కిటికీలోంచి బయటికే చూశాడు. తరువాత తన చెట్ల గురించి మొదలుపెట్టి ఆపలేదు.

"పసిపిల్లల లెక్క సాకిన సాబ్. మాకు గొర్రె ఎరువుకు కొదువ లేదు. ఎండాకాలం రాంగనే చెరువు మట్టి, గొర్రె ఎరువు కలిపి మొదలు చుట్టూ కుప్ప పోస్తా. మోకాలు ఎత్తు దాక. సల్లగ ఉండాలె కదా. ఈనిన గొర్రెకు గొంగడి కప్పినట్టు కప్పిన. వేరేటోళ్లు గంత చెయ్యరు."

నేను తల ఊపుతూ విన్నాను. నా ధ్యాసంతా డబ్బాలోని స్లైడుల మీదే ఉంది. చాచికి ఆ అంటు సరిగ్గా కుదిరిందో లేదో అన్న ఒక్క ఆలోచనే నన్ను తినేస్తోంది. కుదరలేదని తేలితే చాచాకు ఎలా చెప్పాలి అని మాటలు వెతుక్కుంటున్నాను.

కాన్ఫోకల్ గదిలో చలి, చీకటి. కిటికీలకు నల్ల తెరలు కట్టారు. యాదగిరి చెప్పులు బయట విడిచి, భుజం మీది తువ్వాల ఒంటికి చుట్టుకుని మూల స్టూలు మీద కూర్చున్నాడు. సుజాత నా స్లైడు పెట్టి ఏవో మీటలు నొక్కింది. కంప్యూటర్ తెర మీద పైనుంచి కిందికి గీత తరువాత గీతగా బొమ్మ దిగింది. పూర్తయ్యాక చూస్తే తెరంతా తెల్లటి వెలుగు, ఒక్క గోడా విడిగా లేదు.

"కరీం గారూ, ఎంతసేపు ఉంచారు రంగులో?"

"ఒక రోజంతా."

"మరీ అంతసేపా? ప్రతి గోడా ఒకేసారి వెలిగిపోతోందండి. ఏదీ తెలియడం లేదు. ఇది పరీక్ష స్లైడు కాదుగదా."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. పద్నాలుగేళ్లుగా నేను మురిసిపోయిన ఎరుపు అక్కడ పనికిరాలేదు. గోడ గడియారం చూస్తే అప్పటికే ఇరవై నిమిషాలు పోయాయి. మా గంట అయిపోతే మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు.

అప్పుడు నాకు అబ్బా పని గుర్తుకొచ్చింది. నూలుకు రంగు మరీ ముదిరితే ఆయన కంగారు పడేవాడు కాదు. నీళ్లు మార్చి మార్చి జాడించేవాడు, రంగు ఊడి నీళ్లలోకి దిగేదాకా. సుజాతను స్పిరిట్, ఒక చుక్క ఆమ్లం అడిగి తీసుకున్నాను. నేను తెచ్చుకున్న ఇంకో రెండు సెక్షన్లను దాంట్లో వేసి గాజుపుల్లతో మెల్లగా కదిపాను. ఎరుపు పొగలాగా లేచి స్పిరిట్‌లో కలిసిపోయింది. ఒకసారి మార్చాను, రెండోసారి మార్చాను. సెక్షన్ గులాబీ అయింది, తరువాత దాదాపు తెల్లబడింది.

యాదగిరి లేచి వచ్చి తొంగిచూశాడు. "రంగంత పోగొట్టినవ్. ఇగ లోపల ఏం కనబడ్తది?" అన్నాడు అనుమానంగా. నేనేదో మాయ చేస్తున్నానని అతని భయం.

"కంటికి కనబడకపోయినా గోడలో ఉంటుందండి. లేజరుకు అంత చాలు," అంది సుజాత.

ఈసారి తెర మీద గోడలు వచ్చాయి. ఒక్కో కణం గోడ సన్నటి గీతలాగా, వలలాగా. పద్నాలుగేళ్లు అదే రంగుతో పనిచేసి, ఒక గోడను అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు. తెరకు ఇంకా దగ్గరగా జరిగాను.

"ఇదిగో, కింద జంబేరి కట్టె. ఇది బత్తాయి కట్టె," అని సుజాత వేలితో చూపించింది. ఆ రెంటి నడుమ ఒక నల్లటి మచ్చ ఉంది. "ఇక్కడ ఖాళీ ఉందే," అంది.

"చెప్పిన గదా," అన్నాడు యాదగిరి వెంటనే.

చాచా మెట్ల మీద గోడ పట్టుకుని దిగిపోతున్నట్టు కళ్లముందు కనిపించింది. సుజాత మాత్రం తల వంచి మీట తిప్పుతూ, "తొందరపడకండి. ఇది మొగ్గ పెట్టిన మొదటిరోజు కోత మచ్చలాగుంది. ఇంకొంచెం లోపలికి పోదాం," అంది. ఒక పొర దిగింది. మచ్చ చిన్నదైంది. ఇంకో పొర దిగింది. మచ్చ గింజంత అయింది. దాని చుట్టూ గోడలు వంకర తిరిగి, ఒకదానిలోకి ఒకటి దూరి, పెనవేసుకుని, మళ్లీ తిన్నగా పైకి పోయాయి. ఆపైన జంబేరి ఎక్కడ ఆగిందో బత్తాయి ఎక్కడ మొదలైందో చెప్పడం ఆమెకు కూడా కష్టమైంది. రెండో చెట్టు సెక్షన్ కూడా అంతే.

"ఇంత చక్కగా కుదిరిన అంటు నేను చూడలేదండి," అంది సుజాత. "విరిగింది అతుకు వల్ల కాదు. చూడండి, కుళ్లు బయట బెరడునుంచి లోపలికి వచ్చింది. బత్తాయి బెరడుకు తడిమట్టి తగిలితే ఇలాగే కుళ్లుతుంది. జంబేరి అయితే కొంత ఓర్చుకుంటుంది, బత్తాయి ఓర్చుకోదు. ఈ అతుకు నేలకు ఎంత ఎత్తులో ఉండేదండీ?"

ఆ ప్రశ్న యాదగిరిని అడిగింది. అతను తువ్వాల కొస నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎత్తు లేదమ్మా," అన్నాడు చివరికి. "మట్టిలనే ఉండె. నేనే కప్పిన."

నేను బ్రష్షుతో రుద్ది పారేసిన మట్టి అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దు బస్సులో అతను నాకు కారణం పూసగుచ్చినట్టు చెప్పాడు. పద్నాలుగేళ్లు మొక్కల మధ్య బతికిన నేను విని కూడా వినలేదు. ప్రేమతో కప్పిన మట్టే ఆ చెట్లను తిన్నదని ఆ మనిషి మొహం చూస్తూ అర్థం చేసుకోవడం నాకు చాలా బాధ అనిపించింది.

సుజాత నలుపు తెలుపులో ఒక ప్రింటు తీసి ఇచ్చింది. యాదగిరి దాన్ని నాకివ్వలేదు. మడత పడకుండా అట్టల మధ్య పెట్టుకుని తనే పట్టుకున్నాడు. తిరుగు బస్సులో చిట్యాల దగ్గర మాత్రం ఒక్క మాటన్నాడు. "గా ముసలాయన ఒక్క మాట గూడ తిరిగి అనలే సాబ్. తిరిగి అంటే నాకు గింత బాధ ఉండకపోవు."

చాచాకు ఆ సాయంత్రమే చెప్పాలని నేను తొందరపడ్డాను. యాదగిరి పోనివ్వలేదు. "నేను అన్నది పదిమందిల అన్న. పదిమందిలనే చెప్త. రేపు పొద్దుగాల హోటల్ కాడికి రమ్మను," అన్నాడు.

మరునాడు పొద్దున హోటల్ బెంచీలు నిండి ఉన్నాయి. నేను చాచా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి తీసుకొచ్చాను. ఆయనకు నేను ఫలితం చెప్పలేదు. దారిలో ఆయన అడగలేదు కూడా.

యాదగిరి ప్రింటు ఆయన చేతిలో పెట్టాడు. చాచా దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, మళ్లీ తిప్పి, తిరిగి ఇచ్చేశాడు.

"నాకు కనబడ్తలేదు. నువ్వే జెప్పు."

యాదగిరి బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాడు. ఆయన చూపుడువేలు పట్టుకుని ప్రింటు మీద పెట్టాడు. "గీడ కింద జంబేరి. గీతలు పైకి పోతానయ్. గీడికి వచ్చినంక జర వంకర తిరిగినయ్. గిదే అంటు. ఆడికెల్లి బత్తాయి. నడుమ సందు లేదు చాచా. నేనే కండ్లార చూసిన. ఎక్కడ అతికిందో దొర్కనంత మంచిగ అతికింది. నేనే గొర్రె ఎరువు, మట్టి కలిపి అంటును పాతిపెట్టిన. కుళ్లింది దానికే. నీ మీద అన్న మాట నాది తప్పు."

"సందు లేదా?"

"లేదు."

"జరంత గూడ లేదా?"

"జరంత గూడ లేదు చాచా."

చాచా వేలు ఆ గీత మీదే ఉంది. కింది నుంచి పైకి ఒకసారి, మళ్లీ ఒకసారి తనే నడిపాడు. ఆయన కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. తరువాత తల ఎత్తి, అందరికీ వినిపించేలా అన్నాడు.

"గది నా చెయ్యి గాదు యాదగిరి. నా బీబీ చెయ్యి. సకీనా కట్టింది. నీ తోటవి, ఆ తరువాత వేరే తోటలకు పోయినయి అన్ని ఆమె కట్టినయే. నాకప్పటికే సూపు లేదు."

వెనక బెంచీనుంచి ఒక పెద్దమనిషి, "మరి గిన్నేండ్లు ఎందుకు జెప్పలే?" అని అడిగాడు.

"ఆడామె కట్టిందంటే మీరు కొంటుంటిరా?"

యాదగిరి తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. అంట్లు కట్టింది చాచి అని ల్యాబులో చాచా చెప్పినప్పుడు, అందుకే తప్పు జరిగి ఉంటుందని నా మనసులో కూడా ఒక మూల అనిపించింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ఆ వారమంతా యాదగిరి తన తోటలో మిగిలిన చెట్ల మొదళ్లనుంచి మట్టి తీశాడు. చాచా కూడా పోయి, మోకాళ్ల మీద కూర్చుని, మొదలును వేళ్లతో తడిమి అంటు ఎక్కడుందో చూపించాడు. అంటు నేలకు జానెడు పైన ఉండాలని మొక్క అమ్మేటప్పుడే చెప్పి ఉండాల్సిందని, అందరికీ తెలుసు అనుకోవడం తన తప్పని యాదగిరితో అన్నాడు. సగానికి పైగా చెట్లు బతికాయి. వానలు పడ్డాక నర్సరీలో మిగిలిన మొక్కలన్నీ అమ్ముడుపోయాయి. చాచి కట్టినవేనా అని కొందరు అడిగి మరీ తీసుకుపోయారు.

నేను ఆ సెక్షన్‌ను కెనడా బాల్సం అనే బంక వేసి పర్మనెంట్ స్లైడు చేశాను. అంటే ఎన్నేళ్లయినా చెడకుండా అతికించి పెట్టేది. స్లైడుకు ఒక కొసన చిన్న కాగితం అంటిస్తాం. మొక్క పేరు, కోసిన తీరు, వేసిన రంగు, తేదీ, చివర తయారుచేసినవాడి పేరు రాస్తాం. అప్పటిదాకా కొన్ని వేల స్లైడుల మీద నా పేరే రాసుకున్నాను. రంగు వేసింది నేను కాబట్టి పని కూడా నాదే అనుకున్నాను. ఆ రోజు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రంగు గోడను చూపిస్తుంది, గోడలు ఎంత బాగా అతికాయో చూపిస్తుంది. అతికించిన చెయ్యి ఎవరిదో అది చూపించదు, ఎవరో ఒకరు రాస్తేనే తెలుస్తుంది. ఈ సంగతి నాకు నేర్పింది అంతే. దాన్ని నేర్చుకోవడానికి నాకు నలభై ఏళ్ల వయసు రావలసి వచ్చింది.

నా పేరు రాసే చోట సకీనా బీ అని రాశాను.

ఆ స్లైడు నేను రిటైరయ్యేదాకా మా ల్యాబు డబ్బాలోనే ఉంది. ప్రతి ఏడూ ప్రాక్టికల్ క్లాసులో ఎవరో ఒక పిల్ల ఆ కాగితం చదివి, సార్, సకీనా బీ అంటే ఎవరు, సైంటిస్టా అని అడిగేది. అవునమ్మా, మన నల్లగొండ సైంటిస్టే అని చెప్పేవాణ్ణి.